ఆరున్నరకు మెయిన్ ఆపే ఇల్లు

మంగళవారం పొద్దున బస్సులో నిలబడి ఉన్నాను. ఒక చెయ్యి పైకమ్మీకి, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా. ఫోన్ మోగితే భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఎత్తాను. సారు ఇంటావిడ. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. "మీ సారు పోయిండు బిడ్డా" అన్నది. ఏడవలేదు. రాత్రి బాగానే తిని పడుకున్నారని, పొద్దున చాయ్ పెట్టి లేపితే లేవలేదని, పరుగెత్తుకు రావద్దని, ఆఫీసులో చెప్పే రమ్మని అన్నది. ఆ తర్వాత కండక్టర్ వచ్చి ఎక్కడికమ్మా అని అడిగితే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్‌కి కూడా నాకు ఊరి పేరు వెంటనే నోటికి రాలేదు. రోజూ దిగే ములకలపల్లే. సారు ఇల్లూ అక్కడే.

నిజం చెప్తున్నాను, ముందు నాకు ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. సాయంత్రం ఆరున్నరకు గోదారి అవతలి బడి వార్డెన్ రేడియోలో పిలుస్తాడు, ఇవాళ పలికేదెవరు అనుకున్నాను. పలకడానికి నాకు లైసెన్సు ఉంది. కానీ నేను మైకు పట్టుకుని ఆరేళ్లయింది.

సారు ఎవరో తెలియనివాళ్లకు చెప్పాలి కదా. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. సొంతూరు తిరుమలాయపాలెం దగ్గర. ఉద్యోగానికి ఇటు అడవి అంచుకు వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. హ్యామ్ రేడియో ఆయన పిచ్చి. సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది, గాలిలో మన పేరుగా చెప్పుకునే ఒక కాల్‌సైన్ ఇస్తుంది. సెల్ టవరు అక్కర్లేదు, కేబులు అక్కర్లేదు. ఒక పెట్టె, ఒక బ్యాటరీ, ఆరుబయట కట్టిన తీగ ఉంటే చాలు, వంద కిలోమీటర్ల అవతలి మనిషితో మాట్లాడొచ్చు. భద్రాచలం దాటి గోదారి అవతల, అడవిలో ఉన్న ఒక ఆశ్రమ పాఠశాల వార్డెన్‌కు కూడా సారే చదువు చెప్పి, పరీక్ష రాయించి, సెట్టు ఇచ్చారు. వానాకాలం ఆ ఊరికి దారి ఉండదు, సిగ్నల్ ఉండదు. రోజూ సాయంత్రం ఆరున్నరకు అతను పిలవాలి, సారు పలకాలి. అదీ ఏర్పాటు.

నాకు ఆయన పరిచయమైంది మండలాఫీసులో. నేనక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని. ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డారు. చొక్కా జేబులో చిన్న రేడియో ఉంది. నా దగ్గరికి రాగానే అది గర్రుమని అరిచింది. రెండడుగులు వెనక్కి వేశారు, తగ్గింది. ముందుకు వచ్చారు, మళ్లీ అరిచింది. క్యూలో వాళ్లంతా చూస్తున్నారు. "నీ కంప్యూటర్ మస్తు మాట్లాడుతుంది బిడ్డా, దానికెవ్వరన్న జవాబిస్తున్నరా?" అన్నారు. పెద్దాయనకు కొంచెం తేడా ఏమో అనుకున్నాను. సర్టిఫికెట్ ఇచ్చి పంపితే మర్నాడు మళ్లీ వచ్చి, నా సీపీయూ వెనక వైర్లు చూపించమన్నారు. ఆ తర్వాత ఆర్నెల్లకు నేను ఆయన ఇంట్లో కూర్చుని లైసెన్సు పరీక్షకు చదువుతున్నాను. మా తండాలో నాకంటే ముందు ఆడపిల్ల ఎవరూ బడి దాటి చదవలేదు. నాకు దొరికిన గురువు ఈయన. అదృష్టం అంటే అదే.

ఇక ఆ వరద సంగతి. దీన్ని దాటేసి సారు గురించి రాస్తే అబద్ధం రాసినట్టే.

ఆ ఏడు గోదారి భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. అవతలి ఊళ్లకు కరెంటు లేదు, టవర్లు పడుకున్నాయి. వార్డెన్ ఒక ట్రాక్టర్ బ్యాటరీ మీద సెట్టు నడుపుతున్నాడు. బ్యాటరీ దాచుకోవాలి కాబట్టి గంటకొకసారి, గంట కొట్టే టైంకి, అయిదు నిమిషాలు పిలవాలని చెప్పుకున్నారు. ఇటు ములకలపల్లిలో కరెంటు నిక్షేపంగా ఉంది. కొంప ముంచింది అదే.

సారు ముందురోజు తెల్లవారుజాము నుంచి కుర్చీలోంచి లేవలేదు. రెండో రోజు మధ్యాహ్నం పన్నెండుకు ముందు నేను బతిమాలి ఆయన్ని పడుకోబెట్టాను. అప్పటికి పై ఆఫీసు నుంచి నాకు ఫోన్ల మీద ఫోన్లు. ఏ ఊళ్లో ఎంతమంది, ఎవరికి మందులు కావాలి, మొత్తం టైపు చేసి గంట గంటకూ పంపమంటారు. కాగితం మీద రాసి చదువుతానంటే ఒప్పుకోరు, షీటే కావాలి. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు తగిలిస్తేనే నడుస్తుంది. అసలు అడాప్టర్ కాలిపోతే కొత్తగూడెం బస్టాండు దగ్గర దొరికిన పేరులేని అడాప్టర్ వాడుతున్నాను. వినే టైంలో రేడియో గదిలో ఏదీ తగిలించకూడదని సారు నాకు వందసార్లు చెప్పారు. తెలుసు. తెలిసే తగిలించాను. అయిదు నిమిషాలకు పీకేద్దాంలే అనుకున్నాను, ఫోన్లో ఆయనెవరో అరుస్తుంటే మరిచిపోయాను.

పన్నెండుకు రేడియోలో జుయ్యిమనే మోత తప్ప ఏమీ లేదు. వాన గోల అనుకున్నాను. ఒంటిగంటకూ అంతే. ఎవరు పిలిచిందీ రాసే లాగ్ పుస్తకంలో రెండుసార్లు రాశాను, "అవతలి స్టేషన్ లేదు" అని. వార్డెన్ బ్యాటరీ అయిపోయి ఉంటుందని కూడా కింద రాశాను. ఎంత ధైర్యం చూడండి.

రెండుకు సారు భుజం మీద తువ్వాలుతో వచ్చారు. గుమ్మంలోనే ఆగి ఆ మోత విన్నారు. నా వైపు చూడలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి అడాప్టర్ పీకేశారు. మోత ఆగిపోయింది. ఆ కింద, బొంగురుపోయిన గొంతుతో, వార్డెన్ పిలుస్తున్నాడు. గంటకోసారి అనుకున్న మాట వదిలేసి, బ్యాటరీ ఏమైనా కానీ అని, పన్నెండు నుంచి ఆపకుండా పిలుస్తూనే ఉన్నాడట. పొద్దుటి నుంచి ఒకామె నొప్పులు పడుతోంది, పదకొండు దాటాక చూస్తే బిడ్డ అడ్డం తిరిగింది, పడవ కావాలి.

పడవ నాలుగింటికి చేరింది. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు.

రెండు గంటలు ముందు వెళ్తే దక్కేదా? దవాఖానాలో డాక్టరమ్మను నేనే అడిగాను. చెప్పలేమమ్మా అన్నది. ఆ మాటే ఆరేళ్లుగా నన్ను తింటోంది. దక్కేది కాదు అని ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. దక్కేది అని ఉంటే కనీసం ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఆ సాయంత్రం సారు లాగ్ పుస్తకం నా ముందు పెట్టారు. నేను రాసిన వాక్యాలు కొట్టెయ్యమన్నారు, కానీ చదవడానికి వచ్చేట్టు ఒక్క గీతే గీయమన్నారు. కింద ఏం రాయాలి అని అడిగాను. వాతావరణం బాగాలేదు అని రాయొచ్చని నాకు లోపల ఆశ. ఎవరు కాదంటారు, బయట వాన కురుస్తూనే ఉంది.

"వాళ్లు పిలిచిన్రు, మనం వినలే. గంతే రాయి" అన్నారు.

"నేను వినలేదు సారూ" అన్నాను.

"స్టేషన్ నాది. మనం అని రాయి."

వాళ్లు పిలిచారు, మనం వినలేదు అని రాశాను. కింద ఆయన సంతకం పెట్టారు. నా సంతకం అడగలేదు. ఆ రోజు నుంచి నేను ఆ గదికి వెళ్లేదాన్ని, లాగ్ రాసేదాన్ని, తీగలు సర్దేదాన్ని. మైకు మాత్రం పట్టుకోలేదు. ఆయన అడగలేదు కూడా. ఒకసారి తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

తిట్టలేదు గానీ పని పెట్టారు. వరద తగ్గాక ఆదివారం పొద్దున్నే కబురు పంపారు, మోత పట్టుకుందాం రా అని. మోత పట్టుకోవడం ఎలాగంటే, ముందు రేడియోను బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపేస్తారు. మోత పోయిందా, అది మన ఇంటిదే. పోలేదా, ఊరిది. తర్వాత మెయిన్ వేసి ఒక్కో వస్తువూ తగిలించుకుంటూ వినాలి. "ముందు మన ఇల్లు బంద్ చెయ్యి, తర్వాత ఊరిని తిట్టు" అనేవారు. ఆ ఆదివారం ఆయన ఇంట్లోనే ఎంతమంది దొంగలు దొరికారో. నా అడాప్టర్ సరే. వంటింటి ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జర్లు, ఇంటర్నెట్ పెట్టె, దాన్నుంచి కంప్యూటర్‌కు పోయే వైరు. చివరికి అమ్మ టీవీ.

అమ్మ నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది. సీరియల్ టైం ఆరున్నర. "మోత టీవీది కాదు, నీ చెవులది" అన్నది. సారు ఆమె చేతికి హెడ్‌ఫోన్ ఇచ్చి, టీవీ ఆపి, వేసి, ఆపి చూపించారు. అమ్మ విని, హెడ్‌ఫోన్ తీసి, టీవీ ప్లగ్గు తనే పీకేసింది. బిడ్డ పోయిన సంగతి ఆమెకూ తెలుసు. ఆ రోజు నుంచి సీరియల్ మానేసింది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం ఆరున్నరకు ఇంటి మెయిన్ ఆపే పని తనే తీసుకుంది. కాకపోతే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చీకటి చెయ్యడం మంచిది కాదని ఆమెకు బెంగ. అందుకని మెయిన్ ఆపే ముందు వరండాలో ఒక నూనె దీపం పెట్టేది. సారు రేడియో పక్కన పెట్టుకుని గంభీరంగా విని, "దీనికి మోత లేదు, ఉండనీ" అని సర్టిఫికెట్ ఇచ్చారు.

కంప్యూటర్ వైర్ల చివర ఉబ్బెత్తుగా నల్లటి ముద్ద ఉంటుంది చూడండి, దాని లోపల ఫెరైట్ అని నల్లరాయి లాంటి గొట్టం ఉంటుంది. వైరు వెంట పాకి వచ్చే మోతను అది మింగేస్తుంది. మా ఆఫీసులో పాడుబడ్డ మానిటర్ల వైర్లన్నీ అడిగి తెచ్చి, సారూ నేనూ ఆ ముద్దలు పగలగొట్టి గొట్టాలు తీసేవాళ్లం. పెద్ద ఫెరైట్ ఉంగరాలు హైదరాబాద్ నుంచి తెప్పించారు. అవి వచ్చిన రోజు అమ్మ పొట్లం విప్పి చూసి, "ఏందివి, మాడిపోయిన గారెలా?" అన్నది. ఇక ఆ ఇంట్లో వాటి పేరు గారెలే. సారు కూడా ఫోన్లో వార్డెన్‌కు, అడాప్టర్ వైరు గారెలోంచి ఎనిమిది చుట్లు తిప్పు, తీగ దిగే చోట ఇంకో గారె వెయ్యి అని పాఠం చెప్పేవారు. పక్కన విన్నవాళ్లు వంట చెప్తున్నాడనుకునేవారు.

ఇల్లు సర్దుకున్నాక తీగను ఇంటి మీద నుంచి తీసి, వెనక మిరపచేను గట్టు మీద రెండు తాటిచెట్లకు కట్టించారు. నా ల్యాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ వేయించారు. వినే టైంలో అది తన బ్యాటరీ మీదే నడవాలి, వైరు ఇంకో గదిలో ఉండాలి. ఆ తర్వాతే జేబులో చిన్న రేడియో పెట్టుకుని ఊరి మీద పడ్డారు. రేడియో చెవి దగ్గర పెట్టుకుని కరెంటు స్తంభాల కింద నిలబడే ముసలాయన్ని చూసి, కరెంటు దొంగతనం పట్టే స్క్వాడ్ అనుకున్నారు జనం. సారు వీధిలో ఇద్దరు ఆ సాయంత్రమే కరెంటు తీగకు తగిలించిన కొండీలు పీకేశారు. టిఫిన్ సెంటర్ ఆయన చేతులు జోడించి, పొద్దున్నే మీటరు పెట్టించుకుంటానని ప్రమాణం చేశాడు. సారు ఆయనకు అడిగింది మీటరు కాదు, ముందున్న లైట్ల బోర్డు సాయంత్రం అరగంట ఆపమని. ఆయన ఆపాడు. భయం మీద ఆపాడో గౌరవం మీద ఆపాడో గానీ ఇప్పటికీ ఆపుతాడు.

ఆఖరి రెండేళ్లు సారు బాగా అలిసిపోయారు. ఒక మోత పట్టుకుంటే పది కొత్తవి వచ్చేవి. ఇంటింటికీ చౌక చార్జర్లు, కెమెరాలు, సోలార్ పెట్టెలు. ఎంతమంది గుమ్మాలు ఎక్కాలి. దానికి తోడు చెవులు తగ్గాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని నా వైపు చూసేవారు. "ఉన్నడా బిడ్డా?" "ఉన్నాడు సారూ." "ఏమంటుండు?" నేను విని చెప్పేదాన్ని, ఆయన మైకులో జవాబు చెప్పేవారు. అంటే వినేది నేను, పలికేది ఆయన. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసేవాళ్లం. మైకు నీ చేతికిస్తా అని ఆయన అనలేదు. ఇవ్వండి అని నేనూ అనలేదు. రోజూ ఆయన దాన్ని టేబుల్ మీద నాకూ ఆయనకూ సరిగ్గా మధ్యలో పెట్టి లేచేవారు. నాకు అర్థమయ్యేది. అర్థం కానట్టు లాగ్ పుస్తకం మూసేదాన్ని.

మంగళవారం సాయంత్రం దహనం అయ్యేసరికి ఏడయింది. ఆ తర్వాత పది రోజులూ ఆ గది తలుపు ఎవరూ తీయలేదు. ఇంటినిండా చుట్టాలు, ఫ్యాన్లు, ఫోన్లు, ఎవరో పెట్టిన టీవీ. వార్డెన్‌కు కబురు అందింది కానీ వాగు పొంగి రాలేకపోయాడని ఎవరో చెప్పారు. సారు అన్న కొడుకు మంచివాడే, పెద్దకర్మ అయ్యాక తాటిచెట్ల మీది తీగ దింపించేస్తానన్నాడు. పిడుగులకు భయం, ఇక దానితో పనేముంది అని. నన్ను కూడా అడిగాడు, ఏమంటవక్కా అని.  వద్దనడానికి నాకు ఓపిక లేదు. పగలంతా ఆఫీసులో వరద లిస్టులు, గోదారి మొదటి హెచ్చరిక ఆ వారమే వచ్చింది. ఇక చాలు, దించేస్తే నాకూ విడుదల అని కూడా అనిపించింది. సిగ్గులేకుండా చెప్తున్నాను.

పదకొండో రోజు భోజనాలయ్యాయి. దూరం వాళ్లు బస్సులకు వెళ్లిపోయారు, దగ్గరి వాళ్లు హాల్లో నడుం వాల్చారు. పెద్ద కూలర్ హోరుమంటోంది. నేను వరండాలో ప్లేట్లు ఎత్తుతున్నాను. అమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతిలో నూనె దీపం. గట్టు మీద పెట్టింది, వత్తి సరిచేసింది, లేచి గోడ దగ్గరికి నడిచి మెయిన్ కిందికి లాగేసింది.

కూలర్ ఆగింది. టీవీ ఆగింది. లోపల ఎవరో కరెంటు పోయింది అన్నారు. ఇంకెవరో ఫ్యూజేమో చూడమన్నారు. అమ్మ గుమ్మంలో నిలబడి, "కరెంటు పోలే. ఆరున్నర అయింది" అన్నది. అంతే. వాళ్లకు ఏం అర్థమైందో నాకు తెలియదు, మాటలు మాత్రం ఆగిపోయాయి.

ఆమె నన్ను రమ్మనలేదు. నేనే ప్లేట్లు కింద పెట్టి, చేతులు కడుక్కుని, గది తలుపు తీశాను. పది రోజుల దుమ్ము. బ్యాటరీ స్విచ్ వేశాను. ఆ ఇంట్లో ఏ వస్తువూ మోగడం లేదు, టిఫిన్ సెంటర్ బోర్డూ ఆగే ఉంది. దూరంగా ఉరుముల చిటపట. దాని కింద, సన్నగా, వార్డెన్. సారు కాల్‌సైన్ చెప్పి, తనది చెప్పి, ఆగి వింటున్నాడు. మళ్లీ చెప్పి, ఆగి వింటున్నాడు. మనిషి లేడని తెలిసి.

మైకు సారు పెట్టిన చోటే ఉంది, మధ్యలో. తీసుకున్నాను.  ఆరేళ్లుగా పలకని నా కాల్‌సైన్ నా నోటికే కొత్తగా ఉంది. "వింటున్నా తమ్ముడూ, చెప్పు" అన్నాను.

 "అక్కా, నువ్వేనా" అన్నాడు.  "వాగు నిండింది. ఒక ముసలామెకు షుగర్ మందు అయిపోయింది, రేపటికి కావాలె. మిగిలినోళ్లందరం బాగున్నం. పది రోజులసంది పిలుస్తున్న అక్కా. పిలుసుడు మన పని, ఆపొద్దని సారు చెప్పిండు గద."

మందు పేరు అడిగాను, రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను. రేపు ఆరున్నరకు మళ్లీ అని చెప్పాను. అప్పటిదాకా ఉగ్గబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే లాగ్ పుస్తకం లాక్కుని దీపం వెలుగుకు వరండాలోకి వచ్చి రాశాను. వాళ్లు పిలిచారు, మనం విన్నాం. కింద సంతకం పెట్టాను, నాదే.

సారు అన్న కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తీగ మాట ఎత్తలేదు. హాల్లో చుట్టాలు చీకట్లో చెమటలు కక్కుతూ, పేపర్లు మడిచి విసురుకుంటూ, ఒక్కరూ గట్టిగా మాట్లాడకుండా కూర్చున్నారు. అమ్మ మెయిన్ దగ్గరే ఉంది, చెయ్యి దాని మీదే వేసి నిలబడి ఉంది.

"వెయ్యనా బిడ్డా?" అని అడిగింది.

ఇంకో అయిదు నిమిషాలు ఆగుదామన్నాను. సరేనని చెయ్యి తీసి, నా పక్కన వచ్చి కూర్చుని, దీపంలో ఇంకాస్త నూనె పోసింది.